ఎగ్జి ఫైలు ఒక్కటే పంచితే సరిపోదు

ప్రశ్న: మా అబ్బాయి కావలిలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. లైనక్స్‌లో నడిచే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ను విండోస్‌కు మార్చి, ఎగ్జి ఫైలు (విండోస్‌లో నేరుగా నడిచే ఫైలు) పెన్‌డ్రైవ్‌లో స్నేహితులకు పంచుతున్నాడు. ఇది తప్పు కాదా? దీంతో ఉద్యోగం వస్తుందా, లేక నెల్లూరులో ఏదైనా కోర్సులో చేర్చాలా?
– ఒక తండ్రి

జవాబు: పంచడం తప్పు కాదండీ, పంచే పద్ధతి సరిగా ఉండాలి. ముందు సోర్స్‌తో (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌తో) పాటు వచ్చిన లైసెన్స్ ఫైలు చదవమనండి. అది ఎమ్‌ఐటీ అనే సులువైన లైసెన్స్ అయితే కాపీరైట్ నోటీసును, లైసెన్స్ పాఠాన్ని తీసేయకుండా ఇస్తే చాలు. జీపీఎల్ 2 అనే కట్టుబాట్లున్న లైసెన్స్ అయితే ఎగ్జితో పాటు సోర్స్ కూడా ఇవ్వాలి. అందులో తను చేసిన మార్పులు, కంపైల్ చేయడానికి (కోడ్‌ను ఎగ్జిగా మార్చడానికి) వాడిన స్క్రిప్టులు అన్నీ ఉండాలి. జతచేయలేకపోతే, అడిగినవారికి ఇస్తానని కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. మార్చిన ఫైళ్లలో ఆ సంగతి, తేదీ రాయాలి. డబ్బు తీసుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు.

ఇక ఉద్యోగం. ఇంటర్వ్యూలో ఎగ్జి చూపిస్తే లాభం లేదు. ఏమీ ఇన్‌స్టాల్ చేయని కంప్యూటర్‌లో అదే బిల్డ్ (సోర్స్ నుంచి ఎగ్జి తయారీ) మళ్లీ చేసి చూపగలగాలి. అందుకు ఎమ్‌సిస్2లో (విండోస్‌లో ఇలాంటి ప్రోగ్రామ్‌లు తయారుచేసే ఉచిత పనిముట్ల సముదాయం) పీకేజీబిల్డ్ అనే తయారీ సూచనల ఫైలు రాయడం నేర్చుకోవాలి: సోర్స్ చిరునామా, అది మారలేదని సరిచూసే షా256 చెక్‌సమ్, ప్యాచ్‌లు (కోడ్‌లో చేసిన మార్పుల ఫైళ్లు), డిపెండెన్సీలు (కావలసిన ఇతర ప్యాకేజీలు) అన్నీ అందులోనే ఉంటాయి.

అసలు నేర్పు తెలిసేది ప్రోగ్రామ్ ఎక్కడ తేడా చేస్తుందో పట్టుకోవడంలో. సీ భాషలో లాంగ్ అనే పూర్ణసంఖ్య రకం 64-బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4 బైట్లే. అందుకే ఫైలులో ఎక్కడున్నామో లాంగ్‌లో దాచుకునే ప్రోగ్రామ్ చిన్న ఫైళ్లతో బాగా నడిచినా, 2 జీబీ దాటిన ఫైలు దగ్గర తప్పుతుంది. బైనరీ ఫైలును (బొమ్మల వంటి, పాఠం కాని ఫైలును) ఆర్‌బీ (బైనరీగా చదువు) అని కాకుండా ఉత్త ఆర్ (పాఠంగా చదువు) అని తెరిస్తే, విండోస్‌లో 1ఏ (హెక్స్) అనే బైటు తగలగానే ఫైలు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌కు నకలు పుట్టించే ఫోర్క్ అనే లైనక్స్ సదుపాయం విండోస్‌లో లేదు. దాన్ని వాడిన చోట కోడ్ తిరగరాయాల్సిందే. తన ల్యాప్‌టాప్‌లో నడిచి స్నేహితుడి దగ్గర ‘డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌కు అవసరమైన లైబ్రరీ ఫైలు) లేదు’ అంటుందా? ఏయే డీఎల్ఎల్‌లు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్‌తో చూసి, ఎమ్‌సిస్2 ఫోల్డర్ నుంచి వస్తున్న డీఎల్ఎల్‌లన్నీ జతచేయాలి. వాటి లైసెన్సులూ పాటించాలి.

మార్పులను ఒక్కో సమస్యకు ఒక్కో చిన్న ప్యాచ్‌గా విడదీసి అసలు ప్రాజెక్టుకు పంపమనండి. లేకపోతే కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అదే చాకిరీ. ఆ చర్చల్లో అడిగే ప్రశ్నలకు జవాబులిస్తూ పోతే ఏ కోర్సూ నేర్పనంత వస్తుంది. కాబట్టి నెల్లూరు ఫీజు ఇప్పుడే కట్టకండి. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో బిల్డ్ ఇంజినీర్, ఎంబెడెడ్ లైనక్స్ (పరికరాల్లో నడిచే లైనక్స్) ఉద్యోగాలు వెతకమనండి. స్వీకరించిన ప్యాచ్ లింకు రెజ్యూమేలో మొదటి లైన్లోనే ఉండాలి.