వారంలో పేపర్ వేస్తామని మెయిల్ వచ్చింది, డబ్బు కట్టాలా?

పాలమూరులో పీహెచ్‌డీ చేస్తున్నానని, 4,500 కడితే వారంలో పేపర్ వేస్తామని ఒక పబ్లిషర్ మెయిల్ పెట్టాడని, వచ్చే నెల థీసిస్ ఇవ్వాలని మీరు రాశారు. కట్టకండి. వాళ్లు పంపిన కాపీరైట్ ఫామ్ మీద సంతకం కూడా పెట్టకండి. ఎందుకంటున్నానో నా సంగతి చెప్తాను.

నేను నల్లగొండలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. 2014, 2015 ఎండాకాలాల్లో మర్రిగూడ, చండూరు వైపు బండి మీద తిరిగి 62 బోర్ల నీళ్లు పట్టుకొచ్చాను, ఫ్లోరైడ్ చూద్దామని. ఫ్లోరైడ్‌కు గాజు సీసాలు పనికిరావు కాబట్టి అన్నీ ప్లాస్టిక్ సీసాలే. ప్రతిదాని మీదా ఊరి పేరు, తేదీ. ఒక ఊళ్లో నడుం వంగిపోయిన పెద్దమ్మ బోరింగ్ కొట్టి, సీసా నింపి నా చేతికిస్తూ "ఇవి తీస్కపోతే మాకు మంచి నీళ్లొస్తయా బిడ్డా?" అని అడిగింది. ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

ప్రమోషన్‌కు పేపర్ కావాలన్న టెన్షన్‌లో మీకొచ్చినలాంటి మెయిల్‌నే నమ్మాను. పంపిన మూడో రోజుకే యాక్సెప్టెన్స్ లెటర్. రివ్యూ అని వచ్చింది ఒక్క లైన్: పేపర్ బాగుంది, వేసుకోవచ్చు. 6,000 కట్టాను. అచ్చయ్యాక చూసుకుంటే ఒక ఊరి బోరు దగ్గర 1.52 ఉండాల్సిన చోట 15.2 అని ఉంది. టైపింగ్ తప్పు నాదే. కానీ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదనే నీళ్లలో 15.2 కనిపిస్తే, చదివినవాళ్లు ఎవరైనా ఆగి అడుగుతారు. అక్కడ చదివినవాళ్లే లేరు. సరిచేయమంటే 3,000 అడిగారు. పేపర్ వెనక్కి ఇవ్వమంటే దానికీ ఫీజు అన్నారు. అదే డేటాతో మంచి జర్నల్‌కు పంపితే, ఇదివరకే అచ్చయిందని తిప్పి పంపారు. ఇంటర్వ్యూలో ఆ పేపర్‌కు మార్కులే వేయలేదు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ, రెండు ఎండాకాలాల పని ఎవరికీ పనికిరాకుండా పోయింది.

ఇది చిన్న పబ్లిషర్ల సంగతే అనుకోకండి. నాకు తగిలింది వేరే సంస్థ గానీ, హైదరాబాద్ కేంద్రంగా నడిచే పెద్ద పబ్లిషర్ ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. ఫీజు సంగతి ముందే చెప్పకపోవడం, పీర్ రివ్యూ, అంటే అచ్చుకు ముందు ఆ రంగం తెలిసినవాళ్లు పేపర్ చదివి చూడటం గురించి అబద్ధాలు చెప్పడం అందులో ప్రధాన ఆరోపణలు. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది.

మీకొచ్చిన మెయిల్‌లో ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందని ధైర్యపడకండి. అది పత్రికను గుర్తుపట్టే నంబరు మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. జర్నల్ పేపర్లను సగటున ఎంతమంది ఉటంకించారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను లెక్కగట్టే క్లారివేట్ సంస్థ ఇచ్చినదా, ఇంకేదో పేరుతో ఉన్నదా చూడండి. జర్నల్స్‌ను ఎంచి చేర్చుకునే స్కోపస్ డేటాబేస్‌లో ఉన్నామంటే స్కోపస్ సైట్‌లోనే వెతకండి, మెయిల్‌లోని లింకు నొక్కకండి. అసలు జర్నల్ పేరుతో నకిలీ సైట్లు కూడా ఉన్నాయి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒక ప్రొఫెసర్‌కు, ఆయన యూనివర్సిటీ సైట్‌లో ఉన్న అడ్రసుకు నేరుగా మెయిల్ పెట్టి అడగండి. తన పేరు అక్కడుందని తెలియనివాళ్లూ ఉంటారు. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లో తాను ఆమోదించిన జర్నల్స్ జాబితా నుంచి 4,305 తీసేసింది, 2019లో దాని బదులు కేర్ అనే జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఆపేసింది. ఇప్పుడు చూసుకోవాల్సింది మనం, మన గైడ్‌లే.

ఇక మీ తొందర గురించి. థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ తన వంతుగా పెట్టుకుని ఉండొచ్చు, అందుకే రేపే వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే పేపర్ పంపేసి ఉంటే, వెనక్కి తీసుకుంటున్నానని ఈ రాత్రే మెయిల్ పెట్టి, కాపీ గైడ్‌కు కూడా పంపండి. అచ్చయ్యాక అది మీ చేతుల్లో ఉండదు.

నా 15.2 ఆ సైట్‌లో ఇంకా అలాగే ఉంది. పోయినేడు ఒక పీజీ అమ్మాయి సెమినార్‌లో ఆ ఊరి పేరు చెప్పి, తెర మీద అదే అంకె చూపించింది.