పొద్దున పొడిగాలి, మధ్యాహ్నం నీళ్లు

ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న పౌడర్ కోటింగ్ షెడ్డు ఉంది. కంప్రెసర్ గాలిని చల్లబరిచి తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ డిస్‌ప్లే పొద్దున 4 డిగ్రీలు చూపిస్తుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి 14, 15కు పోతుంది. పౌడర్ చల్లే గన్‌లోకి నీళ్లొచ్చి పూతంతా పొక్కులే. మెకానిక్ వచ్చినప్పుడల్లా డ్రయ్యర్‌ను చల్లబరిచే గ్యాస్ నింపి, కండెన్సర్‌కు (ఆ గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) గాలి కొట్టి వెళ్తాడు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఇప్పుడు కొత్తది కొనమంటున్నాడు. కొనాలా?

జవాబు: అప్పుడే కొనకండి. ఆయన చేసిన రెండు పనుల్లో మిమ్మల్ని గట్టెక్కించింది గాలి కొట్టడమేనని నా అనుమానం. బిల్లు మాత్రం గ్యాస్‌కే వేసి ఉంటాడు!

డ్రయ్యర్‌లో గ్యాస్ వాడేకొద్దీ అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు మూయకుండా నింపితే డబ్బు దండగ. లీకే లేకుండా నింపితే ఇంకా నష్టం: హెడ్ ప్రెషర్ (కండెన్సర్ వైపు గ్యాస్ ఒత్తిడి) పెరిగి, ఎండపూట చల్లబరచడం మరీ తగ్గుతుంది. కాబట్టి ఉన్న గ్యాస్ తీయించి, లీక్ టెస్ట్, వాక్యూమ్ (లోపల మిగిలిన గాలి, తేమ లాగేయడం) చేయించి, నేమ్‌ప్లేట్ మీదున్న రకాన్నే అక్కడ రాసిన బరువు మేరకు తూచి పట్టించండి. గేజి చూసి అందాజుగా నింపేవాళ్లకు ఆ పని ఇవ్వకండి.

అంతకంటే ముందు కండెన్సర్ సంగతి చూడండి. మీ షెడ్డులో తేలే పౌడర్‌ను దాని ఫ్యాన్ రోజంతా లాక్కుంటుంది. దానికి నూనె జిడ్డు తోడైతే ఫిన్ల (పలుచటి రేకుల) మధ్య అట్టకడుతుంది. పైపైన గాలి కొడితే ముందున్న దుమ్మే పోతుంది. మెయిన్ ఆపేసి, మెత్తటి బ్రష్‌తో ఫిన్ల వెంబడే దులిపి, లోపలినుంచి బయటికి గాలి కొట్టించండి. జిడ్డు వదలకపోతే కాయిల్ క్లీనర్ వాడండి, మోటారు, వైరింగ్ తడవకుండా. మీ పనికి వారానికోసారి చేసినా ఎక్కువ కాదు.

తర్వాత వేడి. చాలా డ్రయ్యర్ల కెపాసిటీని లోపలికొచ్చే గాలి 35-38 డిగ్రీలు, ఒత్తిడి 7 బార్ అన్న లెక్కన రాస్తారు. తేమతో నిండిన ఘనమీటరు గాలిలో 35 డిగ్రీల దగ్గర సుమారు 40 గ్రాముల నీరుంటే, 45 దగ్గర 65 గ్రాములుంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద డ్రయ్యర్ నెత్తిన పడే బరువు అదీ. రెండు గంటలప్పుడు ఇన్‌లెట్ పైపు ఎంత కాలుతోందో కొలవండి. 45 దాటితే కంప్రెసర్ ఆఫ్టర్ కూలర్ (కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) కడిగించండి. కంప్రెసర్ వదిలే వేడిగాలి డ్రయ్యర్ వైపు రాకుండా డక్ట్ పెట్టి బయటికి పంపండి. క్యూరింగ్ ఓవెన్ పక్కనే డ్రయ్యర్ ఉంటే, జరపడానికి ఇంకెవరినీ అడగక్కర్లేదు.

డ్రయ్యర్‌లో చేరిన నీళ్లను బయటికి వదిలే డ్రెయిన్ టెస్ట్ బటన్ కూడా నొక్కి చూడండి. నీళ్లు బయటికి రాకపోతే డ్రెయిన్ స్ట్రెయినర్ (చిన్న జల్లెడ) మూసుకుపోయి ఉండొచ్చు. ప్రెషర్ పూర్తిగా వదిలాకే విప్పాలి, ఇందులో తొందర వద్దు.

ప్రశ్న: చర్లపల్లిలో మా యూనిట్‌లో డ్రయ్యర్ నడిచేకొద్దీ లైన్ ప్రెషర్ పడిపోతుంది. కాసేపు ఆపితే సర్దుకుంటుంది. ఫిల్టర్ మార్చినా లాభం లేదు.

జవాబు: ఎవాపరేటర్‌లో (డ్రయ్యర్‌లో గాలిని చల్లబరిచే భాగం) మంచు కట్టి గాలిదారి మూసుకుంటోంది. ఆపితే కరుగుతుంది, అంతే. ఎవాపరేటర్ మరీ చల్లబడకుండా వేడి గ్యాస్ పంపే హాట్ గ్యాస్ బైపాస్ వాల్వ్ సెట్టింగ్ తప్పడమో, కండెన్సర్ ఫ్యాన్‌ను ఒత్తిడిని బట్టి నడిపే ప్రెషర్ స్విచ్ పాడవడమో కారణం కావచ్చు. గ్యాస్ తక్కువైనా ఇలా కావచ్చు, కాబట్టి మీ విషయంలో గ్యాస్‌ను అనుమానించడం సబబే. గేజిలున్న మనిషిని పిలవండి. ఆ బైపాస్ వాల్వ్‌ను మాత్రం మీరే తిప్పి చూడకండి.