లేజర్ ల్యాబా, ఫార్మా ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్. మొటిమలకు డాక్టర్ డాక్సీసైక్లిన్ రాసి, ఎండలో తిరగొద్దన్నారు. ఎందుకని వెతుకుతూ పోయి, కాంతి పడ్డాక అణువుల్లో క్షణక్షణం జరిగే మార్పులను లేజర్లతో కొలిచే టైమ్ రిజాల్వ్‌డ్ స్పెక్ట్రోస్కోపీలో రీసెర్చ్ చేస్తానంటోంది. బంధువులేమో ఆర్గానిక్ ఎమ్మెస్సీ చేయిస్తే ఉద్యోగానికి ఢోకా లేదంటున్నారు. ఏది మేలు? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ బంధువుల మాట కొట్టిపారేయలేమండీ. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ఆర్గానిక్, అనలిటికల్ వాళ్లకే పిలుపులెక్కువ. లేజర్ స్పెక్ట్రోస్కోపీ వాళ్లు కావాలనే ప్రకటన అరుదుగా కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసే దిగాలి.

ఇక పని ఎలా ఉంటుందంటే, కీటోప్రొఫెన్ అనే నొప్పుల మందునే తీసుకుందాం. ఈ జెల్ రాసినచోట ఎండ తగిలితే కొందరికి దద్దుర్లొస్తాయి. ఆ అణువులో బెంజోఫినోన్ భాగం ఉంది, అది అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. నీళ్లలో ఉంటే కొద్ది నానోసెకన్లలోనే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. నానోసెకనంటే సెకనులో వంద కోట్లో వంతు. అంత వేగాన్ని చూసే గడియారం ఎక్కడిది? ఒక లేజర్ పల్స్ అణువును రెచ్చగొడుతుంది, కాస్త ఆలస్యంగా వచ్చే రెండోది ఏం జరిగిందో చూస్తుంది. ఆ రెండో పల్స్ దారిలోని అద్దాన్ని 0.15 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే కాంతి పోనూ రానూ 0.3 మిల్లీమీటర్లు ఎక్కువ నడుస్తుంది, అంటే ఒక పికోసెకను (నానోసెకనులో వెయ్యో వంతు) ఆలస్యం. ఇలాంటి కొలతలను ఫెమ్టోసెకన్ల (పికోసెకనులో వెయ్యో వంతు) దాకా తీసుకెళ్లినందుకే రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

ఈ అద్దం లెక్క వినగానే అమ్మాయి కళ్లు మెరిస్తే దారి సరైనదే. ఫ్లాస్కులు, రంగులు మారే ద్రావణాలే ఇష్టమైతే మాత్రం ఇక్కడ విసుగే. చీకటి గదిలో అద్దాలు సరిచేసుకుంటూ రోజులు గడుస్తాయి, ఆ తర్వాత నెలల తరబడి గ్రాఫులు, పైథాన్ కోడ్.

ఎమ్మెస్సీలో ఫిజికల్ కెమిస్ట్రీ ఎంచుకోమనండి. ఐఐటీలకు జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. జామ్ మామూలుగా ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు సెప్టెంబరులోనే మొదలవుతాయి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, పెళ్లి టెన్షన్ ఇప్పుడే పెట్టకండి.

రీసెర్చ్ కుదరకపోతే? కొత్త మందులకు ఐసీహెచ్ క్యూ1బీ అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం కాంతి పరీక్ష జరగాలి, కనీసం 12 లక్షల లక్స్ గంటల (వెలుగు తీవ్రతను గంటలతో గుణించే కొలత) వెలుగు పడాలి. కంపెనీల్లో ఆ పనికి లేజర్లు వాడరు, లైట్ క్యాబినెట్, హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) చాలు. అందుకే ఎమ్మెస్సీలో ఉండగానే హెచ్‌పీఎల్‌సీ మీద చేయి తిరగాలి. బంధువులు చెప్పే ఉద్యోగానికీ అదే పనికొస్తుంది.

ఫీజు కట్టేముందు ఇలాంటి ల్యాబ్ ఉన్న ప్రొఫెసర్‌కు అమ్మాయి చేతే మెయిల్ రాయించండి. ఒక పూట చూసి వస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.