టెక్ సందేహాలు: ఆంప్‌కి లాగిన్ ఎందుకు?

పండగ ఆఫర్లు దగ్గరపడితే ఈ శీర్షికకు ఫోన్ల ప్రశ్నలు కుప్పలుగా రావడం మామూలే. ఈ మధ్య వాటితో పోటీపడి వస్తున్న ప్రశ్న ఇంకొకటి ఉంది: "తక్కువ ధరలో మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఏది కొనాలి? దానికి ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) ఏది?" ఒక్కొక్కరికీ విడిగా రాస్తూ కూర్చుంటే తెమిలేలా లేదు. అందుకే ఈ వారం మొత్తం దీనికే. మోడల్ పేర్లు మాత్రం అడగకండి. ఈ ధరలో ఒకే మోడల్ గిటార్లు రెండు పక్కపక్కన పెడితే ఒకటి బాగుంటుంది, రెండోది బాగోదు. పేరు చూసి కొని లాభం లేదు.

"మా అబ్బాయి డిగ్రీలో చేరాడు. ఎలక్ట్రిక్ గిటార్ కావాలని పట్టుబట్టాడు. 20 వేలు దాటి పెట్టలేను. ఆన్‌లైన్‌లో గిటార్, ఆంప్, బ్యాగు, బెల్టు, కేబుల్ అన్నీ కలిపి 9 వేలకే ఇస్తున్నారు. తీసుకోమంటారా? ఇంట్లో అందరూ కర్ణాటక సంగీతం వాళ్లం. ఈ కరెంటు గోల ఏమిటని మా నాన్నగారు కోప్పడుతున్నారు." (ఖమ్మం నుంచి ఒక తండ్రి)

ముందు మీ నాన్నగారి సంగతి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక కచేరీలు చేసింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే. మామూలు మాండలిన్‌కు ఉండే జంట తీగలు వదిలేసి 5 ఒంటి తీగలు పెట్టుకున్నారు. గమకం పలకాలంటే తీగ మోత కాసేపు నిలవాలి కదా, ఆ పనికి కరెంటు సాయపడింది. ఆయన కచేరీ ఒకటి పెట్టి వినిపించండి, తర్వాత మాట్లాడవచ్చు.

ఇక ఆ కాంబో వద్దు. 9 వేలలో అయిదు వస్తువులు ఇవ్వాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాల్సిందే. ఆ కోత సరిగ్గా కొత్తవాడికి కనపడనిచోట పడుతుంది: ట్యూనింగ్ బిగించే మరలు, తీగలు ఆనే నట్, ఫ్రెట్ల (మెడ మీది లోహపు పట్టీల) అంచులు. పాట సగంలో ఉండగానే శ్రుతి జారిపోతుంది. కుర్రాడేమో తప్పు తన వేళ్లదే అనుకుని, రెండు నెలల్లో గిటార్‌ని అటక మీద పెట్టేస్తాడు. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో "కొత్తదే, అసలు వాడలేదు" అని కనపడే గిటార్లలో చాలావాటి కథ ఇదే.

మీ 20 వేలలో 12 నుంచి 13 వేలు గిటార్‌కి పెట్టండి. ఆంప్‌కి 5 వేలు. మిగిలినది మంచి కేబుల్‌కీ, కొత్త తీగలకీ, సెటప్‌కీ. సెటప్ అంటే ఏమిటని అడిగే షాపులో కొనకండి. మెడ లోపలి ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే కడ్డీ) సరిచేయాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు 2 మిల్లీమీటర్ల లోపుకి దించాలి. ప్రతి తీగ మీదా ఇంటొనేషన్, అంటే ఏ ఫ్రెట్ దగ్గర నొక్కినా శ్రుతి సరిగ్గా పలుకుతోందా అన్నది, చూడాలి. ఇది చేయించిన 12 వేల గిటార్, చేయించని 25 వేల గిటార్ కంటే హాయిగా పలుకుతుంది. తీగలు 9-42 సైజు సన్నవి వేయించండి, కొత్త వేళ్లకు నొప్పి తక్కువ. వైజాగ్, కాకినాడ లాంటి ఊళ్లలో అయితే వాయించాక తీగలు తుడవకపోతే తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఇంకో మాట. ఊగే బ్రిడ్జి (తీగల కింది చివర పట్టి ఉంచే భాగం) ఉన్నది వద్దు. వీడియోల్లో ఆ రాడ్డు పట్టుకుని ఊపితే చూడ్డానికి బాగుంటుంది గానీ, చవకరకం ఊగే బ్రిడ్జిలో ఒక తీగ తెగితే మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. కదలని బ్రిడ్జి చాలు. మన ఇళ్లలో ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఎల్ఈడీ బల్బుల మధ్య సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) 50 హెర్ట్జ్ హమ్‌ని బాగా లాగుతుంది. కాబట్టి బ్రిడ్జి దగ్గరైనా హంబకర్ ఒకటి ఉండేలా చూసుకోండి. అందులో రెండు కాయిల్స్ ఎదురెదురుగా ఉండి ఆ రొదను చంపేస్తాయి. ఏ చెక్క మంచిదన్న చర్చ ఈ ధరలో అనవసరం.

ఆంప్ 10 వాట్లది చాలు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోతలా వినపడాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. అపార్ట్‌మెంట్‌లో 40 వాట్ల ఆంప్ కొన్నవాళ్లు దాని నాబ్‌ని 1 దాటించగలిగితే పక్కింటివాళ్లు దేవుళ్లనుకోవాలి. హెడ్‌ఫోన్ జాక్ ఉందో లేదో మాత్రం చూసుకోండి.

"ఆంప్ ఖర్చెందుకని గిటార్‌ని ల్యాప్‌టాప్ మైక్ జాక్‌కి పెట్టాను. శబ్దం చప్పగా ఉంది, డిస్టార్షన్ పెడితే తేనెటీగల తుట్టె కదిలినట్టుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినపడుతోంది. ఒక వీడియో కింద ఖరీదైన ఆంప్ సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్ లింక్ దొరికింది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?" (విజయనగరం నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి)

మొదటి మూడూ గబగబా చెప్పేస్తాను. గిటార్ పికప్‌కి 1 మెగాఓమ్ లాంటి ఎక్కువ నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి, మైక్ జాక్‌లో ఉండేది కొన్ని కిలోఓమ్‌లే. అందుకే చప్పదనం. గిటార్ ఆంప్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక దాదాపు ఊరుకుంటుంది. మామూలు స్పీకర్లు, హెడ్‌ఫోన్స్ ఆ పైదంతా కూడా వినిపిస్తాయి. తేనెటీగలు అక్కడివే. బ్లూటూత్‌లో ఆలస్యం మామూలుగా సెకనులో పదో వంతు దాటిపోతుంది, వాయించడానికి పనికిరాదు, వైరు పెట్టుకోండి.

ఇక నాలుగోది. ఆపకండి. ఇప్పటికే ఆపి ఉంటే కింద 'ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు' అని మొదలయ్యే పేరా మొదట చదవండి.

గిటార్ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. "యాంటీవైరస్ ఆపండి, క్రాక్‌ని అది పొరపాటున వైరస్ అనుకుంటుంది" అనే వాక్యం చాలా ఏళ్లుగా నడుస్తోంది. చదువుకున్నవాళ్లు, కోడ్ రాసేవాళ్లు కూడా నమ్మేస్తున్నారు. ఆ జిప్ ఫైల్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో ఆలోచించారా? స్కానర్లు లోపల ఏముందో చూడకూడదని. ఇలాంటి వాటిలో తరచూ వచ్చేవి దొంగతనం కోసమే రాసిన ప్రోగ్రాములు. కంప్యూటర్ నెమ్మదించదు, తెర మీద పుర్రె బొమ్మ రాదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లూ కుకీలూ నిమిషాల్లో మూటగట్టి పంపేస్తాయి. కుకీ పోవడం పాస్‌వర్డ్ పోవడం కంటే ప్రమాదం. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్ అది. దాన్ని తమ కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఓటీపీ అడగకుండానే మీ మెయిల్ తెరుచుకోవచ్చు. మెయిల్ చేతికొస్తే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం ఎంతసేపు?

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ముందు నెట్ కట్ చేయండి. అదే ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌లు మార్చడం దండగ, కొత్తవి కూడా వాళ్లకే చేరతాయి. ఫోన్ నుంచి మార్చండి, ముందు మెయిల్, తర్వాత బ్యాంకు. మెయిల్ సెట్టింగ్స్‌లో అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి, దొంగిలించిన కుకీ చచ్చేది దానితోనే. ఆపైన విండోస్‌ని మొదటి నుంచి వేయించండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు ఈ దొంగతనం అవసరమే లేదు. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. నిజమైన ఆంప్‌ల మోడళ్లు దానికి బోలెడు ఉచితంగా దొరుకుతాయి. స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే ఐఆర్ ఫైల్ కూడా పెడితే మీ తేనెటీగలు పోతాయి. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఒకటి కొనండి. దానితో వచ్చే ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (ఒక్కసారికి పోగేసే శబ్దపు నమూనాల సంఖ్య) 128కి తగ్గిస్తే ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే.

"చిన్న స్మార్ట్ ఆంప్ కొన్నాను. పెట్టె మీద వాల్యూమ్ నాబ్ ఒక్కటే ఉంది, మిగతావన్నీ యాప్‌లోనే. అప్‌డేట్ వచ్చాక యాప్ ఖాతా తెరవమంటోంది, లొకేషన్ అడుగుతోంది. పైగా నా ఫోన్ టైప్-సి చార్జర్‌తో చార్జ్ కావడం లేదు. పాడైందా?" (హైదరాబాద్ నుంచి)

చార్జింగ్ సంగతి: పాడవలేదు, చేసినవాళ్లు పిసినారులు. టైప్-సి సాకెట్ లోపల 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండుండాలి. అవి లేకపోతే రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చార్జర్ కరెంటు వదలదు. పైసల్లో దొరికే ముక్కలవి. పాత యూఎస్‌బీ-ఎ చార్జర్, ఎ నుంచి సి కేబుల్ పెట్టి చూడండి, ఎక్కుతుంది.

ఇక యాప్. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి. 12 నుంచి దానికి విడిగా 'నియర్‌బై డివైసెస్' అనుమతి వచ్చింది. మీ ఫోన్ కొత్తదై ఉండి ఇంకా లొకేషన్ అడుగుతోందంటే, ఆ యాప్ రాసినవాళ్లు పాత కోడ్ దులపలేదు, లేదా మీరెక్కడున్నారో వాళ్లకు నిజంగానే కావాలి. 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని ఇచ్చి, పని అయ్యాక తీసేయండి.

ఖాతా విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు. ఆంప్ అంటే శబ్దం పెంచే పెట్టె. దానికి నా మెయిల్, పుట్టినతేదీ, ఓటీపీ దేనికి? డబ్బులిచ్చి కొన్నాక కూడా అనుమతి అడిగి వాడుకోవాలా? బల్బులకు యాప్, తూకం మిషన్‌కు యాప్, గీజర్‌కు యాప్. సర్వర్ ఆపేసిన రోజున ఆ యాప్ స్టోర్‌లోంచి మాయమవుతుంది, పెట్టె మీద మిగిలేది వాల్యూమ్ నాబ్ ఒక్కటే. గెయిన్, బాస్, మిడ్, ట్రెబుల్ నాబులు పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో నాకు తెలుసు, కంపెనీలకు ఇంకా బాగా తెలుసు. చీకట్లో కూడా చేత్తో తడిమి తిప్పుకోగలిగిన నాబ్‌ని తీసేసి, తడి వేలికి స్పందించని గాజు తెర మీద దాని బొమ్మ గీయడాన్ని స్మార్ట్ అంటున్నారు. ఫోన్ లేకుండా అన్ని పనులూ చేయలేని ఆంప్‌ని మొదటి ఆంప్‌గా కొనొద్దు. యాప్ అదనంగా ఉంటే ఉండనివ్వండి.

"తీగలు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. మైక్ దగ్గర పాడుతుంటే పెదవికి షాక్ కొట్టింది. గిటార్ మార్చాలా?" (తెనాలి నుంచి)

గిటార్‌కేమీ కాలేదు, మీ ఇంటి ఎర్తింగ్ చూపించండి. గిటార్ తీగలు బ్రిడ్జి, కేబుల్ మీదుగా ఆంప్ లోపలి లోహపు ఛాసిస్‌కి కలిసి ఉంటాయి. అక్కడి నుంచి ప్లగ్ మూడో పిన్ను ద్వారా భూమిలోకి దారి ఉండాలి. సాకెట్‌లో ఎర్త్ వైరు లేకపోయినా, మీరు టూ-పిన్ కన్వర్టర్ పెట్టినా, సాకెట్‌లో పట్టలేదని మూడో పిన్ను విరగ్గొట్టినా ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు తీగలకూ మైక్‌కూ మధ్య మీరే వైరు అవుతారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పరీక్ష చేయించండి, 30 మిల్లీఆంప్స్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. ఆంప్, మైక్ రెండూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ఇవన్నీ అయ్యేదాకా ప్లగ్ పెట్టిన ఆంప్‌తో వాయించొద్దు. బ్యాటరీతో నడిచేదైతే చార్జర్ పీకేసి వాయించుకోండి.