ఎక్స్‌రే రాకముందే స్కాన్ చూసి గుండె మందు ఇవ్వవచ్చునా?

మీ నాన్నగారికి తెల్లవారుజామున ఆయాసం వస్తే, ఎమర్జెన్సీలో డాక్టరు ఛాతీ మీద అల్ట్రాసౌండ్ స్కాన్ పెట్టి, ఎక్స్‌రే రాకముందే ఇది గుండె వల్ల వచ్చినదేనని మందు మొదలుపెట్టారని, అది తొందరపాటేమోనని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి నాకు అలా అనిపించడం లేదు. హైదరాబాదులో ఎమర్జెన్సీ రాత్రి డ్యూటీలు చేసే వైద్యుడిగా ఆ స్కాన్ మేలు చేయడమూ చూశాను, దాన్ని నమ్మి బోల్తా పడడమూ చూశాను.

గుండె సరిగా పంపు చేయలేనప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. స్కాన్ యంత్రపు ప్రోబును (ఒంటికి ఆనించే పరికరాన్ని) పక్కటెముకల సందుల్లో ఆనిస్తే, ఆ నీరు పెంకుటింట్లోకి దిగే ఎండ చారల్లా ఊపిరితిత్తి పైపొర నుంచి తెర అడుగుదాకా తెల్లని నిలువు గీతలుగా కనిపిస్తుంది. వీటినే బి-లైన్స్ అంటాము. ఒక్కో వైపు నాలుగేసి చోట్ల చూసి, రెండు వైపులా కనీసం రెండేసి చోట్ల, చోటుకు మూడు గీతలైనా ఉంటే నీరు చేరిందని అనుమానిస్తాము. మామూలు ఉబ్బసంలో ఇవి కనిపించవు.

ఒక చలికాలపు రాత్రి అంబర్‌పేట నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. చేతి రుమాలులో ఇన్‌హేలరు, ఛాతీ నిండా పిల్లికూతలు. అంతకుముందే వేరేచోట రెండుసార్లు నెబ్యులైజేషన్ పెట్టినా తగ్గలేదు. పడుకోలేక ముందుకు వంగి కూర్చున్న మనిషికి అలాగే ప్రోబు పెట్టాను. రెండు వైపులా గీతలే, గుండె ఎడమ గది సగం కూడా ముడుచుకోవడం లేదు, బీపీ 200 దాటింది. బైపాప్ (మాస్కుతో ఒత్తిడిగా గాలి అందించే యంత్రం), రక్తనాళాలను వదులు చేసే నైట్రోగ్లిజరిన్, ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ మొదలుపెట్టిన కాసేపటికి ఆయన "మంచినీళ్లు" అని అడగగలిగారు. తెల్లవారి మళ్లీ చూస్తే గీతలు చాలావరకు తగ్గాయి.

ఇదే గీతలు నన్ను ఒకసారి మోసం చేశాయి. ఒక పెద్దావిడకు రెండు వైపులా కనిపించగానే నీరేనని నిర్ణయించి ఫ్యూరోసెమైడ్ ఇచ్చాను, ఆయాసం మాత్రం తగ్గలేదు. తరువాత సీటీలో ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్ అని తేలింది. నిమోనియాలోనూ ఇవి రావచ్చు. ఆవిడ గుండె బాగానే కొట్టుకుంటోంది, పొట్టలోని పెద్ద సిర ఊపిరి తీసినప్పుడల్లా చక్కగా ముడుచుకుంటోంది; ఆ రెండూ చూసి కూడా పట్టించుకోకపోవడం నా పొరపాటే. ఆ సిర 2.1 సెంటీమీటర్లకు మించి ఉబ్బి, సగమైనా ముడుచుకోకపోతే గుండె కుడివైపు ఒత్తిడి పెరిగిందని అనుకోవాలి.

కాబట్టి మీ డాక్టరును అడగవలసింది ఎక్స్‌రే సంగతి కాదు, ఎందుకంటే తొలి గంటల్లో అది మామూలుగానే కనిపించవచ్చు. గుండెను కూడా చూశారా, ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే రక్తపరీక్ష) చేశారా అని అడగండి. డిశ్చార్జికి ముందు గుండె వైద్యులతో పూర్తి ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీయించండి. మంచం పక్కన మేము కంటి అంచనాతో చూసేదానిలో కవాటాల లోపం తప్పిపోవచ్చు.