కలలో ఫ్యాన్ దాకా తేలిపోతున్నాను!

ప్రశ్న: నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారాక పడుకుంటాను. ఇది కల అని కలలోనే తెలిసిపోతుంది. వెంటనే ఒళ్లంతా జివ్వుమని ఫ్యాన్ దాకా తేలిపోతాను. మొన్న ట్యాంక్‌బండ్ మీద ఎగురుతుంటే మెలకువ వచ్చింది, కానీ వేలు కూడా కదల్లేదు. నరాల జబ్బా? అమ్మ దిష్టి తీస్తోంది.
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దిష్టి తీయించుకోండి, నష్టం లేదు. నరాల టెన్షన్ మాత్రం వద్దు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు కాళ్లూ చేతులను కదలనివ్వదు. లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీంచి పడేవాళ్లం. కళ్లకూ, ఊపిరికీ మినహాయింపు. అందుకే 1975లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు, మీలాగే ఇది కల అని తెలిసి కల కంటున్న మనిషి ముందే అనుకున్నట్టు కళ్లు తిప్పి చేసిన సైగలను రికార్డు చేయగలిగారు. తేలడం, జివ్వుమనడం మెదడు కల్పనే. మెలకువ ముందొచ్చి కండరాలు ఆలస్యమైతే అది స్లీప్ పెరాలిసిస్, కాసేపట్లో పోతుంది. హౌస్ సర్జన్‌గా డ్యూటీ రూములో నాకూ వచ్చింది, ఆంజనేయ దండకం సగం చదివేశాను! వెల్లకిలా కాక పక్కకి తిరిగి పడుకోండి, నిద్ర వేళలు మార్చకండి. పగలు ఆపుకోలేనంత నిద్ర వస్తున్నా, నవ్వితే మోకాళ్లు సడలుతున్నా న్యూరాలజిస్టుకు చూపించుకోండి.