పసిపిల్లల్ని ‘అమరులు’ అనవచ్చా?

సందేహం: మా కాలనీలో యుద్ధమృతుల సంస్మరణ సభ పెడుతున్నాం. సైనికులతో పాటు గాజాలో, ఉక్రెయిన్‌లో చనిపోయిన పిల్లల్ని కూడా తలుచుకోవాలనుకున్నాం. కరపత్రంలో అందరినీ కలిపి ‘అమరులు’ అంటే తప్పా? ‘నివాళి’ అనాలా, ‘నివాళులు’ అనాలా?
– ఒక పాఠకుడు, మారేడుపల్లి, సికింద్రాబాద్

సమాధానం: వ్యాకరణం వరకైతే తప్పేమీ లేదు. అమరుడంటే చావు లేనివాడు. మొదట అది దేవతల పేరు. దాన్ని మనిషికి ఎప్పుడిస్తాం? తెలిసి తెలిసి ప్రాణానికి తెగించినప్పుడు. 2020లో గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబును అమరవీరుడన్నాం. గన్‌పార్కులో 1969 ఉద్యమంవాళ్ల స్తూపానికీ ఆ పేరే పెట్టుకున్నాం. నిద్రలో ఉండగా ఇల్లు మీద కూలిన పసివాడికి అదే మాట తగిలిస్తే, వాడేదో కోరి వెళ్లినట్టు ఉంటుంది. నా మనసు ఒప్పదు.

‘బలయ్యారు’ కాస్త నయం. బలి ఇచ్చినవాడొకడు ఉన్నాడని గుర్తుచేస్తుంది. ‘దాడిలో పలువురు మృతి’ అనే హెడ్డింగులో ఆ ఒక్కడే మాయమైపోతాడు. ఇంకో చిత్రం చూడండి, మనవాడైతే ‘వీరమరణం’, అవతలివాడైతే ‘హతం’.

చనిపోవడం అన్న మాటను విడదీస్తే చనడమూ వెళ్లడమే, పోవడమూ వెళ్లడమే. నా చిన్నప్పుడు తిరుమలగిరిలో మా పక్కింటి పెద్దమ్మగారి కొడుకు 1971 యుద్ధం నుంచి తిరిగి రాలేదు. అతని నల్ల ఇనుప పెట్టె మాత్రం వచ్చింది, మూత మీద తెల్లరంగుతో నంబరు. పంద్రాగస్టుకు ఎవరెవరో వచ్చి ‘అమరుడి తల్లి’ అని శాలువా కప్పేవారు. ఆవిడ మాత్రం ఎవరడిగినా ‘మావాడు పోయాడమ్మా’ అనేది, అంతే. ఆ పెట్టెలో చివరిదాకా ఒక్క చీర కూడా పెట్టుకోలేదు.

అన్నట్టు, మొదటి ప్రపంచయుద్ధంలో మన హైదరాబాద్ లాన్సర్లు, అంటే నిజాం గుర్రపు దళంవాళ్లు, పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. ఆ ఊళ్ల పేర్లే ఇప్పుడు రోజూ టీవీలో వింటుంటే అన్నం సహించడం లేదు.

ఇక నివాళి. దాని అసలు అర్థం హారతి. దేవుడికీ పెళ్లికొడుక్కీ కూడా పట్టేవారు. వాడుకలో చివరికి పోయినవారికే మిగిలింది. ఏకవచనమైనా బహువచనమైనా సరే. ‘ఘన నివాళి’ అని వేసేట్టయితే ‘ఘన’ ఒక్కటి తీసేయండి, పసిపిల్లల పక్కన అది నప్పదు. నన్నడిగితే ఇలా వేస్తాను: ‘యుద్ధాల్లో అమరులైన సైనికులకు, ఆ యుద్ధాలు పొట్టనపెట్టుకున్న పిల్లలకు నివాళి’. ‘పొట్టనపెట్టుకోవడం’ మరీ మొరటుగా ఉందని కమిటీలో ఎవరైనా అంటే, ఉండనివ్వమనే చెప్పండి.